పెద్దన్న చూడాలి

పోయినవాళ్ళు కలలోకి వస్తారంటే లెక్కలావిడ నమ్ముతుంది. ఆవిడ కలలోకి ఎంతమంది రాలేదు! కానీ పనిలోకి కూడా వస్తారని ఎవరూ చెప్పగా వినలేదు. అందుకే ఆ ఉదయం ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో కంప్యూటర్ మూత తెరిచి, పెద్దన్న పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు చూడగానే ఆవిడకి ముందు కోపం వచ్చింది. ఎవడో వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది. టిక్కు అక్కడే ఉంది. నిన్న సాయంత్రం ఒప్పుకున్నాడట. పక్కన చిన్న బొమ్మలో పెద్దన్న ఎప్పటిలాగే ఎండకి కళ్ళు చికిలించి చూస్తున్నాడు.

పెద్దన్న పోయాక ఒక వానాకాలం గడిచి, రెండోది మొదలైంది. ఆఖరి చూపుకి లెక్కలావిడ స్వయంగా వెళ్ళింది. ఆ మనిషి లేడనడానికి ఆవిడకి ఇంకొకరి సాక్ష్యం అక్కర్లేదు.

“ఏమండీ,” అని పిలిచింది.

భర్త గుమ్మం దగ్గర కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. “మళ్ళీ ఏం తగలబడింది, నీ ఊరుమ్మడి ప్రోగ్రాంలో?”

“పెద్దన్న అప్రూవ్ చేశారు.”

లేసు మీద చెయ్యి ఆగింది. “ఏ పెద్దన్న?”

“మనకి ఎంతమంది పెద్దన్నలున్నారండీ?”

అతను ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో వచ్చి తెర ముందు నిలబడ్డాడు. పేరు చదివాడు, తేదీ చదివాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆ ప్రోగ్రాం సంగతి చెప్పాలి. నదుల్లో నీటిమట్టం కొలిచే మీటర్లుంటాయి. వంతెన స్తంభానికో ఒడ్డున గోడకో బిగించి ఉంటాయి. నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో గంటగంటకీ ఆఫీసుకి కబురు పంపుతాయి. ఒక్కోసారి అవి మూగబోతాయి. బ్యాటరీ అయిపోతుంది, బురద పేరుకుంటుంది, మొద్దులొచ్చి గుద్దుతాయి. అలా మూగబోయిన గంటల్లో నీళ్ళు ఎంత ఎత్తున ఉండి ఉంటాయో లెక్కగట్టి ఆ ఖాళీలు పూడ్చే ప్రోగ్రాం ఇది. రాసింది పెద్దన్న. ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా పైసా ఇవ్వకుండా దించుకుని వాడుకోవచ్చు, విప్పి లోపల చూడొచ్చు, ఇక్కడ ఇలా మారిస్తే బాగుంటుందని మార్పు రాసి పంపొచ్చు. ఎన్ని నదుల ఆఫీసులు దాని మీద నడుస్తున్నాయో లెక్కలావిడకే తెలియదు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్ళే. మోసేవాళ్ళు ఇద్దరు. వచ్చిన ప్రతి మార్పూ చదివి, పనికొచ్చేది కలిపి, పనికిరానిది మర్యాదగా తిప్పి పంపి, విరిగింది అతికించే ఆ ఇద్దర్నీ ఆ లోకంలో మెయింటెయినర్లు అంటారు. జీతమూ లేదు, సెలవూ లేదు. ఒకరు పెద్దన్న. రెండోది, పగలంతా నీళ్ళ ల్యాబులో అంకెలు చూసి, ఇంటికొచ్చి మళ్ళీ అంకెలే చూసే మన లెక్కలావిడ.

పెద్దన్న పెట్టిన నియమం ఒకటుంది. ప్రోగ్రాంలో గుండెకాయ లాంటి భాగాన్ని ముట్టుకోవాలంటే ఇద్దరూ చూడాలి. ఒకరు మార్పు పెట్టగానే రెండోవారికి దానంతటదే కబురు వెళ్తుంది. వాళ్ళు ఒప్పుకునేదాకా పేరు పక్కన పసుపు చుక్క, దాని పక్కన ‘వీరి కోసం ఎదురుచూస్తున్నాం’ అన్న మాట. పెద్దన్న పోయాక ఆ పేరు తీసెయ్యాల్సింది. ఒక ఫైల్లో ఒకే ఒక్క పంక్తి. లెక్కలావిడ చాలాసార్లు ఆ ఫైలు తెరిచింది, పంక్తి మీద కర్సర్ పెట్టింది, మూసేసింది. ఎదురుచూడకుండా కలిపేసే హక్కు ఆవిడకి ఎలాగూ ఉంది. చిన్నాచితకా మార్పులన్నీ అలాగే కలిపేసేది. కలిపిన ప్రతిసారీ పసుపు చుక్క మాత్రం అక్కడే ఉండిపోయేది, లోపలికి రమ్మని ఎవరూ అనకపోతే గడప బయటే నిలబడిపోయిన మనిషిలా.

అక్కడితో ఆగినా బాగుండేది. పెద్ద మార్పొకటి వచ్చి పడింది. పంపినవాడికి లెక్కలావిడ తొందరబాబు అని పేరు పెట్టుకుంది, మొహం ఎప్పుడూ చూడలేదు. ఖాళీలు పూడ్చడానికి వాడు కొత్త పద్ధతి రాశాడు. పాతది గంట తీసుకునే పని కొత్తది చిటికెలో చేస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. వాడి వెనక పదిమంది చేరి ఎప్పుడు కలుపుతారు, ఎప్పుడు కలుపుతారని పాట మొదలుపెట్టారు. ఆవిడకేమో ఎక్కడో అనుమానం. అదేమిటో మాటల్లో పెట్టాలంటే రెండు మూడు రోజులు కుదురుగా కూర్చోవాలి. కూర్చునే తీరిక లేదు. తీరిక లేదని చెబితే ‘మరి మీరెందుకు?’ అంటారు.

అప్పుడు ఒక మాట దొరికింది. ‘పెద్దన్న చూడాలి.’

ఎంత వాటమైన మాట! అబద్ధం కూడా కాదు, తెర మీద అలాగే రాసి ఉంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే. ఆయన పోయిన సంగతి వాళ్ళలో ఎవరికీ తెలియదు. పోయినవాడిని మించిన తాళం ఏముంటుంది? బతిమాలినా తెరుచుకోదు, బెదిరించినా తెరుచుకోదు. లెక్కలావిడ ఆ మార్పుని దాని వెనక భద్రంగా పెట్టి, ఊపిరి పీల్చుకుని, మిగతా పనుల్లో పడింది.

అయితే అలవాటు అనేది ఒకటుంది. పెద్దన్న ఉన్న రోజుల్లో మార్పు ముందుకొచ్చిన వెంటనే ‘రెండోవారు ఒప్పుకోగానే కలిపెయ్’ అనే గడిలో టిక్కు పెట్టేసి ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. ఏళ్ళ తరబడి అలాగే. తొందరబాబు మార్పు వచ్చిన రోజు కూడా ఆవిడ బుర్ర ఏదో ఆలోచిస్తుండగా చెయ్యి వెళ్ళి ఆ గడి నొక్కేసింది. ఇప్పుడు చూస్తే ఆ గడిలో టిక్కు పక్కన తన పేరే ఉంది. నిన్న సాయంత్రం ఒప్పుదల పడింది, మార్పు కలిసింది, రాత్రంతా పరీక్షలు వాటంతటవే నడిచాయి, అన్నీ నెగ్గాయి, తెల్లారేసరికి కొత్త వెర్షన్ లోకం మీదికి వెళ్ళిపోయింది.

“ఎవడో దొంగ చొరబడి ఉంటాడు,” అన్నాడు భర్త చివరికి. “ఆయన ఖాతా లాక్కుని ఉంటాడు.”

“దొంగైతే ఒక్క టిక్కుతో వదుల్తాడా? ఇల్లంతా ఊడ్చుకుపోడూ?” అంది. అని, మళ్ళీ తెర వైపు వంగింది. పెద్దన్న ఎప్పుడూ ఉత్త టిక్కు పెట్టేవాడు కాదు. ‘చూశాను. కలపండి.’ అని రాసేవాడు. కామా మార్చిన మార్పు కింద కూడా ఆ రెండు మాటలూ ఉండేవి. ఇక్కడ మాటలేమీ లేవు. ఉత్త ఆకుపచ్చ.

నెత్తి మీదికి వచ్చేసరికి ఇన్నాళ్ళ అనుమానం తనంతట తానే మాటలైంది. కొత్త పద్ధతి ఖాళీకి ఈ కొసా ఆ కొసా చూసి, మధ్యలో నున్నటి గీత గీస్తుంది. పరీక్షల్లో నెగ్గిందంటే నెగ్గదా మరి? ఆ పరీక్షల్లో ఖాళీలు తనూ పెద్దన్నా మంచి అంకెల్లోంచి చేత్తో, ఎక్కడపడితే అక్కడ, చెరిపి పెట్టినవి. నది అలా చెరపదు. మీటరు మూగబోయేది సరిగ్గా నీళ్ళు పొంగి మీదికొచ్చిన గంటలోనే. కొట్టుకుపోయేది అప్పుడే. అసలు ఎత్తంతా ఆ ఖాళీలోనే ఉంటుంది. దాని మీంచి నున్నటి గీత గీస్తే వరద వచ్చినట్టే ఉండదు.

కిటికీ బయట మబ్బు కమ్ముకుని ఉంది.

గట్టు ఇంజనీరు రెండో మోతకే ఫోనెత్తాడు. దిగువన పెద్ద నది గట్లు చూసుకునే మనిషి. ప్రోగ్రాం గురించి ఏ సందేహమొచ్చినా ఆవిడకే ఫోన్ చేస్తాడు.

“మేడమ్! నేనే చేద్దామనుకుంటున్నా. పైన రెండు రోజుల్నుంచి ఒకటే కుండపోత. ఇవాళ సాయంత్రానికి మా మీదికి దిగుతుంది.”

“మీ మెషిన్ కొత్త వెర్షన్ దించుకుందా?”

“ఇంకా లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి దించుకుంటుంది. రోజూ అంతే కదా.”

“ఇవాళ దించుకోకుండా ఆపండి.”

“ఆపే తాళం నా దగ్గరుంటే కదా మేడమ్! అది హెడ్డాఫీసుది. వాళ్ళు ఫోనెత్తేసరికి నది వెళ్ళి సముద్రంలో కలిసిపోతుంది.” నవ్వబోయి, ఆవిడ నవ్వకపోయేసరికి ఆగాడు. “ఏమైంది?”

“కొత్తది తప్పు. మట్టం తగ్గించి చూపిస్తుంది. మీటరు పోతే మరీ.”

“పల్లంలో కాలనీ ఉంది మేడమ్,” అన్నాడు. “ఖాళీ చేయించాలా వద్దా అన్నది సాయంత్రం అధికారులు మీ అంకె చూసి తేలుస్తారు. నేను గట్టు మీద నిలబడి అరిచినా వినరు. మీ అంకె మీదే వాళ్ళకి గురి.”

కొత్త వెర్షన్ బాగుచేసి పంపాలంటే పరీక్షలన్నీ మళ్ళీ నడవాలి. రాత్రవుతుంది. ఉన్నది ఒకటే దారి, తప్పు వెర్షన్‌ని వెనక్కి లాగెయ్యడం. లాగేస్తే మెషిన్లు పాతదాంతోనే సర్దుకుంటాయి. కానీ వెర్షన్లు పెట్టే గిడ్డంగిలో వెనక్కి లాగే హక్కు యజమాని పేరుకే ఉంది. యజమాని పెద్దన్న. ఆ పేరు మార్చుకుందామని ఆయన ఉన్నప్పుడే ఒకసారి అనుకున్నారు. తర్వాత చూద్దాంలే అనుకున్నారు.

పెద్దన్న భార్యని వదినా అని పిలవడమే కానీ, లెక్కలావిడ దగ్గర ఆవిడ నంబరు లేదు. ఉన్నది పెద్దన్న నంబరే. దాన్ని ఫోన్లోంచి చెరపలేదు, అలాగని ఆ తర్వాత ఎప్పుడూ నొక్కనూలేదు. ఇప్పుడు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంటే మోగింది. మోగుతుందని ఆవిడ అనుకోలేదు. ఎవరో ఎత్తారు, ఎత్తి ఊరుకున్నారు. ఆ క్షణంలో లెక్కలావిడ నిజంగానే “అన్నయ్యా?” అనబోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది.

“ఎవరు?” అంది వదిన గొంతు.

“నేను వదినా, లెక్కలావిడని. అన్నయ్య ఈ పనంతా చూసుకునే టాబ్లెట్ ఎవరి దగ్గరుంది?”

“నా దగ్గరే. ఇక్కడే, దుకాణంలో. ఏం?”

“వస్తున్నాను. దాని మీద ఏమీ నొక్కకండి.”

అవతల సాన చక్రం తిరుగుతున్న చప్పుడు. అది ఆగింది.

“నొక్కకూడదా?” అంది వదిన.

వదినకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. రోడ్డు వైపు అద్దాల తలుపు, లోపల గోడ నిండా ఎవరి మొహమూ లేని కళ్ళజోళ్ళు, బల్ల వెనక అద్దాలు అరగదీసే సాన చక్రం. లెక్కలావిడ బస్సు దిగి దాదాపు పరుగెత్తుతూ వచ్చేసరికి వదిన ఒక అద్దాన్ని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి, అంచు చూస్తోంది. వేళ్ళ నిండా తెల్లటి పొడి. స్క్రూల ట్రే పక్కన టాబ్లెట్ నిలబెట్టి ఉంది. తీగ గుచ్చి ఉంది, చార్జింగ్ నిండుగా ఉంది.

“కూర్చో. ముందు నీళ్ళు తాగు. మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో.”

“వదినా, నిన్న సాయంత్రం...”

“నేనే,” అంది వదిన. అద్దం గుడ్డ మీద పెట్టింది. “నేనే నొక్కా. తప్పైందా?”

జవాబు చెప్పేలోపు టాబ్లెట్ మోగింది. చిన్న మోత, గాజు మీద గోరు తగిలినట్టు. ఇద్దరూ అటు తిరిగారు. తెర మీద తొందరబాబు రాసిన మాట వచ్చి నిలబడింది. పెద్దన్నని ఉద్దేశించి రాసింది. ‘ఎట్టకేలకు కళ్ళు తెరిచినందుకు సంతోషం.’

లెక్కలావిడ చెయ్యి అడ్డం పెట్టబోయింది. వదిన అప్పటికే చదివేసింది.

“రోజూ మోగుతుంది,” అంది వదిన. “మొదట్లో ఒళ్ళు జలదరించేది. మనిషి లేడు, ఆయన్ని ఎవరో పిలుస్తూనే ఉన్నారు. తర్వాత అలవాటైంది. ఓహో, ఆ పిల్ల పనికి కూర్చుంది అనుకునేదాన్ని. నువ్వు అడుగుతున్నావు, ఆయన పలకట్లేదు. అదొక్కటే ప్రాణానికి కష్టంగా ఉండేది. ఆ తర్వాత ఈ తిట్లు మొదలయ్యాయి.”

“తిట్లా?”

“నువ్వు చూళ్ళేదా?” వదిన పొడి అంటిన వేలిని ముంజేతికి తుడుచుకుని తెర పైకి జరిపింది. కళ్ళజోడు మీంచి చూస్తూ ఒక్కొక్కటీ చదివింది. బడిపిల్ల పాఠం చదివినట్టు, ఎక్కడా గొంతు పెంచకుండా. “‘తీరిక లేని మనిషి తప్పుకోవచ్చు కదా.’ ‘గద్దె వదలని ముసలాడు.’ ‘ఈయన సోమరితనానికి మా పనంతా బలి.’ ఇదిగో, దీనికి నలుగురు తల ఊపారు కూడా.”

లెక్కలావిడ ఇవన్నీ చూసింది. చూసి, తనని కాదు కదా అనుకుని, జరిపేసింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. పోయినవాడిని లోకమంతా పొగుడుతుంది. ఈయనకి ఆ కాస్త భాగ్యం కూడా దక్కనివ్వలేదు తను.

“సోమరట,” అంది వదిన. “ఆసుపత్రి మంచం మీద కూడా దీన్ని పొట్ట మీద పెట్టుకుని నీ మార్పులు చూసిన మనిషి. నర్సు లాక్కుంటే అలిగాడు. ఎవర్నైనా ఒక్క పూట కాచుకోబెట్టాడా ఆయన?”

“లేదు వదినా.”

“సరే, వీళ్ళకేదో కోపమొచ్చింది, ఎందుకా అని కింద చూశాను. ప్రతిదానికీ నీ జవాబు ఒకటే. ‘పెద్దన్న చూడాలి.’ ఇక్కడా అదే. ఇక్కడా అదే. నాకేం అర్థమవుతుందమ్మా ఇందులో? నిజంగానే ఆయన చూస్తేగానీ నీ బండి కదలదనుకున్నా. పోయి కూడా నీకు అడ్డంగా ఉన్నాడనుకున్నా. అక్కడ ఆకుపచ్చగా ఒకటి కనబడింది. నొక్కేశాను. పోనీ ఆ పిల్లకైనా దారి దొరుకుతుంది, ఈయనకీ తిట్లు తప్పుతాయి అని.”

గోడ మీద కళ్ళజోళ్ళన్నీ తననే చూస్తున్నట్టనిపించింది. ఉత్త ఫ్రేములే, అద్దాలు కూడా లేవు వాటికి.

“ముందు ఒక పని చెయ్యాలి వదినా. తర్వాత నన్నేమైనా అనండి.”

గిడ్డంగి తలుపు టాబ్లెట్ మీద తెరుచుకుంది కానీ, యజమాని ఫోన్‌కి అంకెలు పంపాం, అవి కొట్టమంది. వదిన సొరుగులోంచి పెద్దన్న ఫోన్ తీసింది. పొద్దున లెక్కలావిడకి పలికింది అదే. అది తెరవడానికి గీత ఎలా గీయాలో వదిన వేలికి తెలుసు. అంకెలు వచ్చాయి. వదిన చదువుతుంటే లెక్కలావిడ కొట్టింది. ఒకటి తప్పు కొట్టింది. మళ్ళీ పంపమంటే కాసేపు ఆగమంది. గోడ గడియారం కింద లోలకం అటూ ఇటూ ఊగుతుంటే, కళ్ళజోడు బిగించుకోవడానికొచ్చిన ఒకాయన తలుపు తోసి, ఇద్దరి మొహాలూ చూసి, “తర్వాతొస్తాలెండి,” అని వెళ్ళిపోయాడు. రోడ్డుకి అవతల హోటల్లో అప్పుడే భోజనాల బల్లలు సర్దుతున్నారు.

రెండోసారి అంకెలు వచ్చాయి. “మెల్లిగా కొట్టు,” అంది వదిన, భుజం మీద చెయ్యి వేసి. ఈసారి పడ్డాయి. వెనక్కి లాగుతున్నారు, నిశ్చయమేనా అని అడిగింది. నొక్కింది. తప్పు వెర్షన్ మీద అడ్డగీత పడింది.

గట్టు ఇంజనీరుకి ఫోన్ చేసి పట్టుకునే ఉంది. అతను తన మెషిన్ ముందు కూర్చుని, కళ్ళెదుట జరుగుతున్నది ఆటల పోటీ గురించి చెప్పినట్టు చెబుతున్నాడు. “వెతుకుతోంది మేడమ్... వెతుకుతోంది... కొత్తది లేదంది. పాతదే ఉంచుకుంది. ఆ! పాతదే!”

లెక్కలావిడ ఫోన్ బల్ల మీద పెట్టి, అద్దాల పొడిలో మోచేతులు ఆనించి, ఏడ్చేసింది. వదిన ఊరుకోబెట్టలేదు. సాన చక్రం తిప్పుకుని, ఆపిన అద్దాన్నే మళ్ళీ అరగదియ్యడం మొదలుపెట్టింది. కాసేపటికి చక్రం ఆపకుండానే అడిగింది.

“వాళ్ళెవరికీ చెప్పలేదా, ఆయన పోయాడని?”

“లేదు వదినా.”

“ఎందుకని? నీకు మనసొప్పలేదా?”

అవునంటే సరిపోయేది. వదినే ఆ మాట అందించింది కూడా. కానీ ఆ పొడి అంటిన చేతుల ముందు అబద్ధం చెప్పడానికి లెక్కలావిడకి నోరు రాలేదు.

“మనసొప్పకపోవడం కొంత. భయం చాలా. చెబితే నేనొక్కదాన్నే ఉన్నానని తెలిసిపోతుంది. అందరూ నా మీద పడతారు. ఆయన పేరుంటే... ఎవరో ఒకరు ముందు నిలబడ్డట్టుండేది.”

చక్రం ఆగింది.

“అంటే పోయాక కూడా ఆయన నీ గుమ్మం ముందు కాపలా కాస్తున్నాడన్నమాట,” అంది వదిన. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదని లెక్కలావిడ తర్వాత చాలాసార్లు అనుకుంది. “నేనింకా, ఆయన్ని పట్టుకుని వేలాడేది నేననుకున్నా. రోజూ దీనికి చార్జింగ్ పెట్టుకుంటూ. కాదు. వదలంది నువ్వు.”

మర్నాడు ఉదయం ల్యాబులో సీసాలకి చీటీలు అంటిస్తుంటే గట్టు ఇంజనీరు ఫోన్ చేశాడు. నిద్రలేని గొంతు.

“కాలనీవాళ్ళని సాయంత్రమే బడిలోకి తరలించాం మేడమ్. నీళ్ళు వీధి గుమ్మాలు దాటి లోపలికి వచ్చాయి. మంచాల ఎత్తుకి వచ్చాయి. మనుషులెవరూ లేరు లోపల. ఒక ముసలామె మేకని వదిలి రానంటే మేకని కూడా మోసుకొచ్చాం.” నవ్వాడు. ఈసారి ఆవిడ కూడా నవ్వింది. “మీటరు మాత్రం పోయింది మేడమ్. సరిగ్గా నీళ్ళు నెత్తికెక్కినప్పుడే. స్తంభంతో సహా.”

“తెలుసు,” అంది లెక్కలావిడ.

భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళాక ఆవిడ ల్యాబులోనే కూర్చుంది. తొందరబాబు మార్పు కింద రాయడం మొదలుపెట్టింది. మొదట పెద్ద వ్యాసం వచ్చింది. పెద్దన్న గొప్పతనం, సేవ, తీరని లోటు. చదువుకుంటే సభలో దండ వేస్తున్నట్టుంది. చెరిపేసింది. రెండోసారి అంతా తన సంజాయిషీయే వచ్చింది. అదీ చెరిపేసింది. చివరికి మిగిలింది ఇది:

‘పెద్దన్న పోయిన ఏడాదే చనిపోయారు. ఈ మార్పు ఆయన ఎప్పుడూ చూడలేదు, ఆలస్యం ఆయనది కాదు. చూడాల్సింది నేను. నేను చూడలేదు. ఆయన చూడాలని మీకు రాసిన మాటలన్నీ నా భయంతో రాసినవి. ఆయన్ని మీరన్న మాటలు నాకు చెందుతాయి. ప్రస్తుతం ఈ ప్రోగ్రాంకి నేను ఒక్కదాన్నే ఉన్నాను.’

ఆ ఆఖరి వాక్యం మీద వేలు చాలాసేపు ఆగింది. తర్వాత పంపేసింది.

అప్పుడు ఆ ఫైలు తెరిచింది. పెద్దన్న పేరున్న పంక్తి చెరిపింది. చెరిపి, మార్పుగా పెట్టేసరికి తెర మీద పసుపు చుక్క వచ్చింది. ‘వీరి కోసం ఎదురుచూస్తున్నాం.’ ఆయన పేరు తియ్యడానికీ ఆయనే ఒప్పుకోవాలి. నియమం పెట్టిన మనిషి తనకి కూడా మినహాయింపు పెట్టుకోలేదు. పక్కదారిన కలిపేసే హక్కు ఉంది. ఆవిడ ఆ వైపు చూడలేదు. ఫోన్ తీసి పెద్దన్న నంబరు నొక్కింది.

“వదినా, ఇప్పుడు మోగిందా?”

“మోగింది.”

“అది ఆయన పేరు తియ్యడానికి. ఇదే ఆఖరుసారి. మీకు ఇష్టమైతేనే నొక్కండి. లేదంటే ఉండనిద్దాం.”

“ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ,” అంది వదిన. “ఈసారి చదివి నొక్కుతాను.”

ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. లెక్కలావిడ తెర వైపే చూస్తూ కూర్చుంది. ఒక్క పంక్తి చదవడానికి అంతసేపేమిటని అనుకోలేదు. చికిలించిన కళ్ళతో ఆ బొమ్మ, దాని పక్కన చుక్క. చుక్క ఆకుపచ్చగా మారింది. కింద మాటలు కూడా వచ్చాయి.

‘చదివాను. కలపండి.’

పాతవన్నీ తెరిచి చూసి నేర్చుకుని ఉంటుంది. లెక్కలావిడ నొక్కింది. పేరు, బొమ్మ, చుక్క మూడూ ఒక్కసారే పోయాయి. ఆ జాగాలోకి కింది పంక్తి జరిగొచ్చి కూర్చుంది, అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టు.

సాయంత్రానికి తొందరబాబు నుంచి ఒక్క మాట వచ్చింది. ‘తెలియదు.’ ఇంకాసేపటికి తను అన్న మాటలన్నిటి మీదా వాడే అడ్డగీతలు కొట్టుకున్నాడు. చెరపలేదు, కొట్టుకున్నాడంతే. తల ఊపిన నలుగురూ ఉలకలేదు, పలకలేదు.

మూడో రోజు సెలవు. లెక్కలావిడ పొద్దున్నే కూర్చుని, ఇన్నాళ్ళూ కూర్చోని పనికి కూర్చుంది. పొంగిన గంటలోనే మీటరు మూగబోతే ప్రోగ్రాం ఏం చేస్తుందో చూసే కొత్త పరీక్ష. ఇంజనీరు పంపిన మొన్నటి వరద అంకెలే తీసుకుంది, మధ్యలో స్తంభంతో సహా పోయిన ఆ ఖాళీ ఖాళీగానే ఉంచి. రాయడం అయ్యాక మార్పుగా పెట్టింది. కబురు ఎవరికీ వెళ్ళలేదు. చుక్క రాలేదు. ‘కలపవచ్చు’ అని మాత్రం ఉంది. ఇన్నాళ్ళూ ఆ పసుపు చుక్కని చూస్తే గుండె బరువెక్కేది. ఇప్పుడు అది లేని చోటు చూస్తుంటే ఇంట్లో అందరూ ఉన్నా ఎవరో తక్కువైనట్టుంది. నొక్కబోయి ఆగింది. టీ పెట్టుకొస్తానని లేచి, పెట్టకుండానే తిరిగొచ్చి కూర్చుంది.

ఫోన్ మోగింది. తెర మీద పెద్దన్న అని పడింది. ఆ పేరు మార్చుకోవాలని ఇంకా తోచలేదు ఆవిడకి.

“అమ్మాయ్, బాగానే ఉన్నావా?” అంది వదిన.

“బాగున్నా వదినా. ఏం?”

“ఏం లేదు. పొద్దున్నుంచి ఇది మోగలేదు.”

“ఇక మోగదు వదినా. నిన్న తీసేశాం కదా.”

“తెలుసులే. నేనేగా నొక్కింది.” సాన చక్రం మెల్లగా తిరిగి ఆగిన చప్పుడు. “చెవి ఊరుకోవట్లేదు. ఇంతకీ పనికి కూర్చున్నావా లేదా?”

“కూర్చున్నా.”

“ఏం చేశావు ఇవాళ?”

“మీకు అర్థం కాదేమో వదినా, బోలెడుంది.”

“కాకపోతే పోయె. ఆయన చెప్పేవాడు, నేను వినేదాన్ని. నాకు మాత్రం ఏమర్థమైందని? కానీ చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి, అయ్యో ఇక్కడ తప్పు రాశానే అని పరుగెత్తేవాడు. చెప్పు. దుకాణంలో ఎవరూ లేరు.”

లెక్కలావిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టింది.